అమెరికా కార్లు – మన మిస్త్రీలు

పాత అమెరికా కారు నొకదానిని ఇంటి ఆవరణలో నిలుపుకొని, భాగం భాగం విప్పి, తుప్పు వదిలించి, మరల రోడ్డు ఎక్కించవలెనన్న కోరిక మన నగరపు యువకులలో అక్కడక్కడ కనబడుతున్నది. ముస్టాంగ్, చార్జర్, కామరో అనే పేర్లు చలనచిత్రాల మూలంగా నగరానికి తూర్పు దక్షిణాన ఉన్న బాలాపూరు వీధులలోని పిల్లలకు సైతం తెలుసును. అయితే ఆ పేర్లు గల కార్లు వాటి కాలంలో మన దేశపు అంగడికి ఎన్నడూ రాలేదు. మనకు వచ్చిన అమెరికా బళ్ళు వేరు. వాటిని మనవాళ్ళు బ్రతికించిన తీరు వేరు. ఈ రెండు చరిత్రలను పక్కపక్కన ఉంచి చూచినప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతున్నది. పాతబండిని బాగుచేయడమంటే దానిని పుట్టిననాటి రూపానికి తీసుకొనిపోవడమా? లేక అది మన మధ్య బ్రతికిన బ్రతుకును నిలుపుకొనడమా? శ్రోతలకు ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చును. 2021లో వెలువడిన ఒక ప్రభుత్వ నిబంధన మూలంగా అది ఇప్పుడు చిన్నది కాకుండా పోయినది.

ముందుగా ఆ కార్ల సంగతి. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత అమెరికాలో పెట్రోలు చౌక, రోడ్లు విశాలం. 1949లో ఓల్డ్స్‌మొబైల్ వారు ఎనిమిది సిలిండర్ల కొత్త ఇంజనును తేలికపాటి కారులో అమర్చి ‘రాకెట్ 88’ అనే పేరుతో అమ్మినారు. పెద్ద ఇంజనును చిన్న బండిలో పెట్టడమనే ఈ ఉపాయమే తరువాతి కథకంతటికీ బీజం. కొన్నేళ్ళకు జనరల్ మోటార్స్ యాజమాన్యం తన మధ్యరకం కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజను ఉండరాదని ఒక కట్టడి చేసినది. ఆ సంస్థకే చెందిన పాంటియాక్ శాఖ ఇంజనీర్లు ఆ కట్టడిని దాటే దారి కనిపెట్టినారు. మామూలు కారులో పెద్ద ఇంజను పెట్టలేదు. కొనేవారు కోరుకొంటే అదనపు సామగ్రిగా ఇస్తామన్నారు! అట్లా 1964 మోడలుగా వెలువడిన జి.టి.ఓ. కారులోని ఇంజను 389 ఘనపుటంగుళాలది. మన లెక్కలో 6.4 లీటర్లు. ఆనాటి మన అంబాసిడరు ఇంజను ఒకటిన్నర లీటరు మాత్రమే. అయిదువేల కార్లు అమ్ముడైతే చాలుననుకొన్న కంపెనీ ఆ మోడలు సంవత్సరంలో 32,450 కార్లు అమ్మినది. పెద్దల కట్టుబాటును పిన్నలు తప్పించుకొన్న ముచ్చట ఏ దేశంలోనైనా ఒకటే.

1964 ఏప్రిల్ 17న ఫోర్డు కంపెనీ ముస్టాంగ్‌ను ప్రజల ముందుంచినది. తరువాత డాడ్జ్ చార్జర్ వచ్చినది, షెవర్లే కామరో వచ్చినది. క్రిస్లర్ వారు 426 ఘనపుటంగుళాల హెమీ ఇంజనుకు 425 గుర్రాల శక్తి ఉన్నదని చాటినారు. కండబలం గల కార్లు అనే అర్థంలో వీటికి మజిల్ కార్లని పేరు స్థిరపడినది. కాని ఈ వైభవం పదేళ్ళు నిలువలేదు. యువకుల కార్లపై బీమా రుసుం పెరిగినది. 1970లో వాయుశుద్ధి చట్టం వచ్చినది. దానికి తగినట్లు కంపెనీలు ఇంజన్లలో కంప్రెషన్ తగ్గించినవి. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగించినప్పుడు మిగిలిన ముచ్చట కూడ తీరినది. 1965 వలస చట్టం తరువాత అమెరికా చేరిన మన తెలుగు ఇంజనీర్లు, డాక్టర్లు ఈ ఉత్సవపు చివరి ఘట్టాన్ని కళ్ళారా చూచి ఉంటారు.

ఆ కార్లు కొన్నవారు అధికంగా మధ్యతరగతి యువకులు. అక్కడ ఇంటిని ఆనుకొని కారుషెడ్డు ఉంటుంది. పనిముట్లు సొంతం, కూలి ఖరీదు. అందుచేత బండిని సొంతచేత్తో బాగుచేసుకొనడం అక్కడ వినోదంగాను, విద్యగాను వృద్ధిపొందినది. దాని వెంట పాత భాగాలను పాత నమూనాలోనే మరల తయారుచేసి టపాలో పంపే వ్యాపారమూ పెరిగినది. నేడు 1960ల ముస్టాంగ్‌కు నేలరేకు, తలుపు, దీపపు చట్రం, సీటు బట్ట అన్నీ కొత్తవి దొరుకుతవి. చివరకు బాడీ మొత్తమే కొత్తది దొరుకుతుంది. అంటే అక్కడి పునరుద్ధరణకు ఆధారం వస్తుసమృద్ధి. మన మరమ్మతు చరిత్రకు ఆధారం వస్తువుల కొరత. ఇక్కడ నుండి రెండు దారులూ విడిపోతున్నవి.

మన దేశానికి అమెరికా బళ్ళు వచ్చిన మార్గం తెలుసుకొనదగినది. 1926లో ఫోర్డు, 1928లో జనరల్ మోటార్స్ ఇక్కడ కాలుపెట్టినవి. ఫోర్డు వారి భారతశాఖ అమెరికా కంపెనీకి నేరుగా కాక, కెనడా ఫోర్డు కంపెనీకి అనుబంధంగా ఉండేది. జనరల్ మోటార్స్ బొంబాయిలోని శివ్రీ వద్ద షెవర్లే బళ్ళను బిగించేది. పెట్టెలలో వచ్చిన భాగాలను ఇక్కడి కార్మికులు కూర్చేవారు. 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్ స్టూడిబేకర్ కార్లను కూర్చినది. 1944లో స్థాపించిన ప్రీమియర్ సంస్థ క్రిస్లర్ కంపెనీతో ఒడంబడిక చేసుకొని డాడ్జ్, ప్లిమత్, డిసోటో బళ్ళను బొంబాయి కుర్లాలో కూర్చినది. హైదరాబాదులోనూ, కోస్తా పట్టణాలలోనూ తిరిగిన అమెరికా కార్లలో చాలావరకు ఈ విధంగా వచ్చినవే.

హైదరాబాదు సంస్థానానికి మోటారు ముందే పరిచితం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోసమని తలపెట్టిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు కారు, 1911లో ఆయన కన్నుమూసిన తరువాత గాని నగరం చేరలేదు. బార్కర్ కంపెనీ వారు కట్టిన పసుపుపచ్చని బాడీ, లోపల సింహాసనం వంటి ఆసనం గల ఆ బండి ఉత్సవాలకు తప్ప కదిలినది లేదు. మొత్తం మీద తిరిగినది కొద్దివందల మైళ్ళే. దానిని బాగుచేయించి చౌమహల్లా రాజభవనంలో ప్రదర్శనకు ఉంచినారు. చూడవలసిన వస్తువే. కాని బండి అన్నది తిరిగి అరిగినప్పుడు గదా బాగుచేసేవాని పనితనం తెలిసేది!

అరిగిన బళ్ళ చరిత్ర 1932 జూన్‌లో మొదలైనదని చెప్పవచ్చును. నిజాం రాష్ట్ర రైల్వేవారు ఆ నెలలో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినారు. ఆ బస్సులు స్కాట్లండులో తయారైన ఆల్బియన్‌లు, అమెరికావి కావు. అయినప్పటికీ వాటిని చెప్పుకొనవలసినదే, ఏలన సంస్థానంలో మోటారు పనివారికి క్రమశిక్షణతో కూడిన పాఠశాల ఆ శాఖ వర్కుషాపులే. ఎన్ని మైళ్ళకు ఏ నూనె మార్చవలెనో, ఏ నట్టు ఎంత బిగించవలెనో అక్కడ పుస్తకం ప్రకారం జరిగేది. 1942లో స్థాపించిన హైదరాబాదు ఆల్విన్ కర్మాగారం బస్సు బాడీల నిర్మాణానికి చేయి కలిపినది. రేకును కొట్టి వంపు తీయడం, రివెట్టు బిగించడం, చట్రం కట్టడం తెలిసిన చేతులు అట్లా నగరంలో తయారైనవి.

రెండవ ప్రపంచయుద్ధం మరొక తరగతి బళ్ళను తెచ్చినది. బర్మా, చైనా రంగాల కోసం అమెరికా సైన్యం మన దేశానికి లెక్కలేనన్ని జీపులను, డాడ్జ్, షెవర్లే, జి.ఎం.సి. ట్రక్కులను దింపినది. యుద్ధం ముగియగానే వాటిని తిరిగి తీసుకొనిపోవడం కంటె ఇక్కడ అమ్మివేయడమే లాభమైనది. ప్రజలు వాటిని ‘డిస్పోజల్స్ బళ్ళు’ అన్నారు. సైనికుల కోసం కట్టిన బండి ఊరి బస్సు అయినది, ధాన్యం మోసే లారీ అయినది, కలప మోసే బండి అయినది. బాడీ తీసివేసి టేకుచట్రం మీద రేకు కొట్టినారు. స్టీరింగు ఎడమ ప్రక్క నుండి కుడి ప్రక్కకు మార్చినారు. ఇది పుస్తకంలో ఉన్న పని కాదు. వర్కుషాపు క్రమశిక్షణ ఒక చేయి, ఈ సాహసం రెండవ చేయి. మన మిస్త్రీ విద్య ఈ రెండింటితో ఏర్పడినది.

ఇంతలో తలుపులు మూతపడినవి. స్వతంత్ర ప్రభుత్వం 1949లో పూర్తిగా తయారైన కార్ల దిగుమతిని ఆపినది. ఇక్కడనే తయారుచేసే ప్రణాళిక లేని కంపెనీలు వెళ్ళిపోవలసినదని 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక ఫలితంగా నిర్ణయమైనది. 1954 నాటికి ఫోర్డు, జనరల్ మోటార్స్ తమ పని ముగించుకొన్నవి. ఆ విధానం దేశీయ పరిశ్రమకు మేలుచేసినదా, కీడుచేసినదా అన్నది ఆర్థికవేత్తల వివాదం. మనకు కావలసినది దాని పర్యవసానం. రోడ్డుమీద వేలకొలది షెవర్లేలు, ఫోర్డులు, డాడ్జ్‌లు ఉన్నవి. వాటికి విడిభాగాలు మాత్రం క్రమక్రమంగా కరువైనవి. యజమాని బండిని వదులుకొనలేడు, ఎందుకంటే కొత్తది దొరకదు. అంబాసిడరుకైనా ఫియట్‌కైనా ఏండ్ల తరబడి వేచి ఉండవలసిన రోజులవి. కావున బండిని బ్రతికించే భారమంతా మిస్త్రీ మీద పడినది.

ఆ పనిని కొంచెం దగ్గరగా చూడవలెను. కంపెనీ పిస్టన్ దొరకనప్పుడు సిలిండరును బోరింగు చేయించి, మరొక బండి పిస్టన్‌ను లేతు మిషన్‌పై తరిగి, దానికి సరిపోయే రింగులు వెదికి అమర్చేవారు. బేరింగు అరిగితే పాత లోహాన్ని కరిగించి తీసివేసి, కొత్తగా తెల్లలోహం పోసి, క్రాంకుపై రంగు పూసి త్రిప్పి, ఎక్కడ రంగు అంటినదో అక్కడ గీకి గీకి సరిచేసేవారు. ఒక బేరింగుకు ఒక పూట పట్టేది. బుష్షు కావలెనంటే కంచు పోతపోయించి తురుము పట్టించేవారు. గేరు పన్ను విరిగితే వెల్డింగుతో లోహం పెంచి ఆకురాయితో పన్ను దిద్దేవారు; ఆ పన్ను మైళ్ళకొలది నడిచేది. కమాను పట్టీ విరిగితే కమ్మరి కొలిమిలో కాల్చి వంపు తీసేవారు. హెడ్డు ప్యాకింగుకు రాగిరేకు, తలుపు అద్దానికి సాదా గాజు, వానచుక్క రాకుండ ఏదో ఒక రబ్బరు బీడింగు. అమెరికా కార్బొరేటరు మొరాయిస్తే జీపుదో, మరొక దేశవాళీ బండిదో తెచ్చి, మధ్యలో ఒక పలకను చెక్కించి బిగించేవారు. బండి అమెరికాది, శ్వాస మనది!

ఈ విద్యకు పాఠ్యపుస్తకం లేదు. హైదరాబాదు షెడ్లలో నేర్పేవాడు ఉస్తాద్, నేర్చుకొనేవాడు షాగిర్దు. కృష్ణకు ఆవల గురువు, శిష్యుడు. కుర్రవాడు మొదటి ఏడు పానాలు అందించడంతో సరి. అమెరికా బళ్ళ నట్లు అంగుళాల కొలతలవి. తరువాత వచ్చిన బళ్ళవి మిల్లీమీటర్లు. ‘తొమ్మిది బై పదహారు’ అనగానే చూడకుండ అదే పానా చేతికందించగలిగిన నాడు వానికి ఒక మెట్టు దాటినట్లు. రెండవ ఏడు విప్పడం, ఆ పైన బిగించడం. చెవి పెట్టి వాల్వు చప్పుడు వినడం అందరికీ అబ్బేది కాదు. సంగీతంలో శ్రుతిజ్ఞానం వంటిదది. మేము ఈ పోలికను అతిశయోక్తిగా చెప్పడం లేదు. మంచి మిస్త్రీలు ఇంజను చప్పుడును గూర్చి మాట్లాడే మాటలు విన్నవారికి అది తెలుసును.

1960 దశకంలో విజయవాడలో జవహర్ ఆటోనగర్ వెలసినది. పట్టణంలో చెదురుమదురుగా ఉన్న షెడ్లు, లేతు మిషన్లు, బాడీ కట్టేవారు, రంగులవారు ఒకచోట చేరడంతో ఒకరికి తెలిసిన కిటుకు మరొకరికి తెలియసాగినది. హైదరాబాదులోనూ విజయవాడ రోడ్డుపై వనస్థలిపురం ప్రక్కన ఆటోనగర్ ఏర్పడినది. రాణిగంజ్, పుత్లీబౌలి దుకాణాలలో ఏ పాత భాగం ఎవరివద్ద ఉన్నదో జ్ఞాపకంగా చెప్పగల వ్యాపారులుండేవారు.

అమెరికా బళ్ళకు ఈ గడ్డపై జరిగిన అన్నిటికంటె పెద్ద మార్పు డీజిల్ ఇంజను. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను త్రాగే త్రాగుడు టాక్సీవానికీ, లారీవానికీ గిట్టేది కాదు. 1950 దశకంలో మద్రాసు సింప్సన్ కంపెనీవారు పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు తయారుచేయసాగినారు. పాత షెవర్లే, డాడ్జ్, ఫార్గో బళ్ళలో పెట్రోలు ఇంజను దింపి డీజిల్ ఇంజను ఎక్కించడం ఒక వృత్తిగా స్థిరపడినది. 1973 తరువాత పెట్రోలు ధర పెరగడంతో సొంతకార్లవారు కూడ ఆ దారి పట్టినారు. డీజిల్ ఇంజను బరువెక్కువ, వణుకెక్కువ, వేగం తక్కువ. ముందు కమాన్లకు అదనపు పట్టీ వేయవలెను, ఇంజను దిమ్మెలను మరల కట్టవలెను. అంతా చేసినా కారులో కూర్చుంటే పళ్ళు కొట్టుకొనేవని అనేవారు. కాని బండి నడిచినది. అమెరికాలో మజిల్ కారు చమురు సంకటంతో అంగడి నుండి తొలగినది. అదే సంకటంలో మనవాళ్ళు ముప్పయ్యేళ్ళనాటి బండి గుండె మార్చి బ్రతికించుకొన్నారు.

తెలుగుదేశంలో అందరికీ తెలిసిన పాత అమెరికా బండి ఏదని అడిగితే ఒకటే సమాధానం. 1982 మార్చి 29న పార్టీని స్థాపించిన నందమూరి తారక రామారావు ఆ ఏడంతా ఊరూరా తిరిగిన చైతన్యరథం. అదొక పాత షెవర్లే వ్యాను. దానిపై నిలబడి మాట్లాడేందుకు వేదిక కట్టినారు. ఎక్కేందుకు మెట్లు, మైకులు, దీపాలు అమర్చినారు. ఆయన కుమారుడు హరికృష్ణ దానిని నడిపినారు. ఆయన దాని ప్రక్కనే స్నానం చేసి, రోడ్డు వారనే భోజనం చేసి, దానిలోనే విశ్రమించిన దృశ్యాలు ఆ తరంవారికి నేటికీ గుర్తే. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయినారు. ఆ రాజకీయాల మంచిచెడ్డలు ఈ ప్రసంగానికి సంబంధించినవి కావు. మేము అడిగేది వేరు. నెలల తరబడి మట్టిరోడ్లమీద, ఎండలో, నిమిషానికొకచోట ఆగుతూ, నిదానంగా జనం మధ్య నడిచిన ఆ ముసలి బండి ఇంజను కాగిపోకుండ, క్లచ్చు కాలిపోకుండ చూచినవారెవరు? రథం పేరు చరిత్రకెక్కినది. రథకారుల పేర్లు ఎక్కలేదు.

ఇక నేటి సంగతి. బాలాపూరులో ఒక గృహస్థు పాత అమెరికా కారును బాగుచేయ పూనుకొన్నాడనుకొందము. మజిల్ కారు దొరకడం దుర్లభం. దొరికేది బహుశా 1950 ప్రాంతపు షెవర్లేనో, ప్రీమియర్ వారు కూర్చిన డాడ్జ్ కింగ్స్‌వేనో, ప్లిమతో అవుతుంది. దిగులుపడనక్కరలేదు. నేర్చుకొనేవానికి ఇదే మేలు. ఈ బళ్ళకు క్రింద వేరుగా ఇనుపచట్రం ఉంటుంది. బాడీని దాని నుండి విడదీయవచ్చును. ముస్టాంగ్, చార్జర్ వంటివాటిలో బాడీయే చట్రం. నేలరేకు తుప్పుపట్టినదంటే బండి వెన్నెముకకు తుప్పుపట్టినట్లే.

మొదట చూడవలసినది ఇంజను కాదు, తుప్పు. ఏండ్లతరబడి చెట్టు క్రింద నిలిచిన బండిలో ఆకులు, మట్టి చేరి నీరు నిలిచే చోట్లుంటవి: తలుపుల అడుగు, ముందు అద్దం క్రింది గాడి, డిక్కీ నేల. పైకి నున్నగా కనిపించే రేకును చిన్న సుత్తితో తట్టి చూడవలెను. ఖంగుమంటే ఇనుము, బొద్దుగా పలికితే లప్పం. వేలెడు మందాన లప్పం పెట్టి రంగు కొట్టిన బళ్ళు అంగట్లో తక్కువ కాదు. కుళ్ళిన రేకును కత్తిరించి కొత్తరేకును అతికించడమే సరియైన పద్ధతి. అతికేటప్పుడు పొడవునా ఒకేసారి వెల్డింగు చేస్తే రేకు కాగి అలలు దేరుతుంది; చుక్కచుక్కగా, ఒకచోట వేసి మరొకచోటికి పోతూ చేయవలెను. పెట్రోలు టాంకు దగ్గర ఇంట వెల్డింగు తలపెట్టరాదు. ఖాళీ టాంకు నిండు టాంకు కంటె ప్రమాదం.

ఆ తరువాత విద్యుత్తు. 1955 ప్రాంతం వరకు అమెరికా బళ్ళలో అధికభాగం ఆరు వోల్టులవి. పాత తీగల గుడ్డతొడుగు ఎలుకలు కొట్టినదో, ఎండకు పొడియైనదో అవుతుంది. అగ్గి పుట్టేది అక్కడనే. పన్నెండు వోల్టులకు మార్చిన బండి అయితే ఏ ఏ భాగాలు మార్చినారో, ఏవి మార్చలేదో చూచుకొనవలెను.

పెట్రోలు విషయం పూర్వులకు లేని చిక్కు. ఆ ఇంజన్లు సీసం కలిసిన పెట్రోలుకు తయారైనవి. ఆ సీసమే వాల్వు కూర్చునే గద్దెను కాపాడేది. 2000 ఫిబ్రవరి నుండి మన దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. మెత్తటి పోతఇనుప గద్దెలు గల ఇంజనును ఎక్కువ వేగంలో నడిపితే వాల్వు క్రమంగా లోపలికి దిగిపోతుంది. హెడ్డు విప్పినప్పుడే గట్టి ఉక్కు వలయాలు దిగగొట్టించడం దానికి మందు. ఇటీవల పెట్రోలులో ఇరవై పాళ్ళు ఇథనాలు కలుపుతున్నారు. ఇథనాలు నీటిని పీల్చుకొంటుంది. పాత రబ్బరు గొట్టాలను, కార్బొరేటరులోని బెండు బిళ్ళలను పాడుచేస్తుంది. గొట్టాలన్నీ కొత్తరకం రబ్బరువి వేయించుకొనవలెను, బండిని నెలలకొలది నిలిపేటప్పుడు టాంకు ఖాళీ చేయవలెను. అన్నిటికంటె ముందు బ్రేకులు. నడవని బండి చెడదు; ఆగని బండి మనిషిని తీస్తుంది.

ఇంతచేసిన గృహస్థు తన బండిని పురాతన వాహనంగా నమోదు చేయించుకొనదలచినాడనుకొందము. ఇక్కడ మొదట చెప్పిన నిబంధన వస్తున్నది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం మోటారు వాహనాల నియమాలను సవరించి, మొదటి నమోదు జరిగి 50 సంవత్సరాలు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలకు ప్రత్యేక నమోదు ఏర్పరచినది. కొత్త నమోదుకు రుసుం 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు; నంబరు పలకపై రాష్ట్రాక్షరాల తరువాత ‘వి.ఏ.’ అనే రెండక్షరాలు. ప్రదర్శనకు, పరిశోధనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుకొనడానికి, మరమ్మతుకు తప్ప నిత్యం రోడ్డుపై తిప్పరాదు. ఇంతవరకు సబబే. పాతబళ్ళకు చట్టంలో ఒక స్థానం దొరకడం సంతోషించదగినది. కాని ఆ నిర్వచనంలో ఒక షరతు ఉన్నది. బండి తొలి రూపంలోనే ఉండవలెను. చట్రంలోగాని, బాడీలోగాని, ఇంజనులోగాని మార్పుతో కూడిన పెద్ద మరమ్మతు జరిగి ఉండరాదు.

ఈ కొలతను మన చరిత్రపై పెట్టి చూడండి. రాజభవనంలో కొద్దివందల మైళ్ళు తిరిగిన సింహాసనపు కారు నెగ్గుతుంది. డిస్పోజల్స్‌లో కొని టేకుచట్రంతో కట్టుకొన్న బండి నెగ్గదు. పెర్కిన్స్ ఇంజనుతో పాతికేళ్ళు కుటుంబాన్ని పోషించిన టాక్సీ నెగ్గదు. బాడీ విప్పి వేదిక కట్టిన షెవర్లే వ్యాను సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వాడనిది మిగిలినది కావున యోగ్యం. వాడినది బ్రతికినది కావున అయోగ్యం! ఆ నిర్వచనం కంపెనీ విడిభాగాలు తరగని దేశాలకు అతుకుతుంది. 1953 తరువాతి మన పరిస్థితికి అతకదు. మార్పు చేయనిదే ఆ బళ్ళు యాభై ఏళ్ళు నిలిచేవే కావు.

మోసం జరుగకుండ ఉండవలెనన్నది ప్రభుత్వం వారి ఉద్దేశం కావచ్చును. నిన్న కట్టిన బండికి పాత నంబరు తగిలించేవారున్న మాట నిజమే. అయినప్పటికీ నిన్న చేసిన మార్పు వేరు, 1960లో అవసరం కొద్దీ చేసిన మార్పు వేరు. ఆ పాత మార్పు కూడ ఇప్పటికి పురాతనమైనదే గదా! కాగితాలతో, ఫోటోలతో, నమోదు పుస్తకంలోని వ్రాతతో కాలం నిరూపించగలిగిన మార్పులను అంగీకరించే ఒక వాక్యం ఆ నియమానికి చేర్చడం అసాధ్యం కాదని మా అభిప్రాయం.

ఈలోగా మనచేతిలో ఉన్న పని ఒకటున్నది. బండిని తొలిరూపానికి తేవలెనని పట్టుబట్టేవారు డీజిల్ ఇంజనును దింపి పాత పెట్రోలు ఇంజనును వెదకి తెస్తారు, తేనిండు. కాని దింపిన ఇంజనును, చెక్కించిన పలకను, పోతపోసిన బుష్షును ఇనుప సామాను కొట్టుకు వేయరాదు. ప్రతిదానికీ ఒక చీటీ కట్టి, ఏ బండి నుండి ఎప్పుడు తీసినారో వ్రాసి, విప్పకముందు ఉన్న స్థితికి ఫోటో తీసి, అట్టపెట్టెలో ఉంచవలెను. బండి అమ్మితే పెట్టె కూడ ఇవ్వవలెను. పాత నమోదు పుస్తకంలో ‘ఇంధనం’ అన్నచోట పెట్రోలు కొట్టివేసి డీజిల్ అని వ్రాసిన గీత ఉంటే దానిని మరుగుపరచరాదు. అది ఆ ఇంటి ఆర్థికస్థితికి సాక్ష్యం.

తెల్లలోహం పోసి బేరింగు గీకిన చేతులు ఆటోనగర్‌లో ఇంకను కొన్ని ఉన్నవి. వయస్సు మీదపడి, షెడ్డు కొడుకుకు అప్పగించి, సాయంకాలం వచ్చి స్టూలుపై కూర్చొనే పెద్దలు వారు. కొడుకు కంప్యూటరు పెట్టి కొత్త కార్ల తప్పులు చూస్తాడు. తండ్రికి ఆ పనితో నిమిత్తం లేదు. ఒక చాయ్ ఇప్పించి, ఏ సంవత్సరం, ఏ బండి, ఏ భాగం, దేనితో ఎట్లా చేసినారని అడిగితే విసుగులేకుండ చెప్తారు. వ్రాసుకొనే ఓపిక ఉన్నవారు ఒక నోటుపుస్తకం తీసుకొని వెళ్ళవలెను. బాలాపూరు నుండి కర్మన్‌ఘాట్ మీదుగా అక్కడికి అరగంట, ముప్పావుగంట ప్రయాణం.